చిన్న ఊరికి టూరిస్టులు వస్తారు సరే, డబ్బు ఎక్కడ ఆగుతుంది?

నడిచే_చెప్పులు
అందరికీ నమస్కారం. ఫ్యాక్టరీ మూతపడ్డ ఊరు, గని ఖాళీ అయిన ఊరు, రైలు ఆగడం మానేసిన ఊరు... ఏ ఊరి గోడు మొదలుపెట్టినా చివరికి ఎవరో ఒకరు "టూరిజం డెవలప్ చేస్తే సరిపోతుంది" అని తేల్చేస్తారు. ఏ రోగానికైనా ఒకటే మాత్ర. నిజంగా పనిచేసిన చోట్లున్నాయా? ఉంటే అక్కడ ఏం కలిసొచ్చింది? "స్థానికులకు ఉపాధి, సంస్కృతికి గుర్తింపు" లాంటి బ్రోచర్ మాటలు దయచేసి వద్దు. ఊరి పేరు, సంవత్సరం, ఎవరు ఏం చేశారు, అలా చెప్పండి.

పాత_పటం
నేను మొదలుపెడతాను. హే-ఆన్-వై. వేల్స్, ఇంగ్లండ్ సరిహద్దులో రెండు వేలకు అటూ ఇటూ జనాభా ఉన్న ఊరు. 1960ల మొదట్లో రైలు ఆగిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే రిచర్డ్ బూత్ అనే ఆయన అక్కడ పాత పుస్తకాల కొట్టు పెట్టాడు. మూతపడుతున్న లైబ్రరీల పుస్తకాలు టోకున కొని తెచ్చి, ఊళ్లో ఖాళీగా పడున్న భవనాల్లో నింపాడు. 1977 ఏప్రిల్ 1న ఊరిని స్వతంత్ర రాజ్యంగా ప్రకటించి తనే రాజునన్నాడు. తేదీ చూశారుగా, అదో వేళాకోళం. కానీ పత్రికలన్నీ రాశాయి, జనం చూడ్డానికి వచ్చారు. 1988లో సాహిత్య ఉత్సవం మొదలైంది.

ఈ కథలో అందరూ రాజుగారి దగ్గరే ఆగిపోతారు. నాకు ఆసక్తి ఇంకోచోట. బూత్ దగ్గర పనిచేసినవాళ్లే కొందరు బయటికొచ్చి సొంత కొట్లు పెట్టుకున్నారు. ఒక్క కొట్టుకోసం అంత దూరం ఎవరూ రారు, వీధి నిండా కొట్లుంటే వస్తారు. అంటే పోటీదారుడు పక్కన కొట్టు తెరిస్తే ఇద్దరికీ గిరాకీ పెరిగే వ్యాపారం. పైగా కొట్టు యజమాని ఊళ్లోనే ఉంటాడు, వచ్చిన లాభం ఆ ఊళ్లోనే ఖర్చు పెడతాడు. దీన్ని చూసి బెల్జియంలో రెద్యూ (1984), స్కాట్లాండ్‌లో విగ్‌టౌన్ (1998) పుస్తకాల ఊళ్లయ్యాయి. విగ్‌టౌన్‌లో అప్పటికి పాల ఫ్యాక్టరీ, డిస్టిలరీ రెండూ మూతపడి ఉన్నాయి.

ఎర్రబస్సు
గెలిచిన గుర్రం గురించే అందరూ చెప్తారు పాత_పటం గారూ. విగ్‌టౌన్‌కి ఆ గుర్తింపు దక్కింది పోటీలో నెగ్గి. ఓడిన ఊళ్ల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? మ్యూజియం కట్టి, స్వాగత తోరణం కట్టి, ఆ తోరణం కింద గేదెలు పడుకునే ఊళ్లు ఎన్నో ఉంటాయి. వాటి మీద ఎవరూ వ్యాసాలు రాయరు.

పద్దుల_పుస్తకం
ఇద్దరూ ఊళ్లోకి ఎంతమంది వస్తారన్న దగ్గరే ఉన్నారు. నేను అవతలి వైపు నుంచి చెప్తాను. ఓ చిన్న టూరిస్టు ఊళ్లో పెద్ద రిసార్టుకి నాలుగేళ్లు అకౌంట్స్ చూశాను. పేరు చెప్పను, అందరికీ తెలిసినదే.

ఒక నెలాఖరున ఆడిట్ కోసం కొనుగోలు వోచర్లన్నీ టేబుల్ మీద పరిచాను. ఏదో బుద్ధిపుట్టి వాటిని రెండు కట్టలుగా వేశాను: ఊళ్లోవాళ్లకి ఇచ్చినవి, బయటివాళ్లకి ఇచ్చినవి. దుప్పట్లు, టవళ్లు సిటీ నుంచి. లోగో ఉన్న సబ్బులు, షాంపూ సీసాలు హెడ్డాఫీసు స్టోరు నుంచి. ఏసీ, లిఫ్టు మెయింటెనెన్స్ ఇంకెక్కడో. వంటింటి సరుకు వారానికి రెండుసార్లు లారీలో దిగేది. బుకింగ్ సైట్ల కమీషన్ అయితే మా ఖాతాలో పడకముందే కోసుకునేవాళ్లు, దానికి వోచరే ఉండదు. బ్రాండు పేరు వాడుకున్నందుకు ఫీజు, బ్యాంకు వడ్డీ వేరే. ఇక ఊళ్లోవాళ్ల కట్టలో ఉన్నవి: తోటమాలి కూలి, నీళ్ల ట్యాంకరు, టాక్సీ, ప్లంబరు, ఇస్త్రీ. ఆ కట్టకి చిన్న క్లిప్పు సరిపోయింది. రెండోదానికి ట్యాగు గుచ్చి, పైన పురికొస కట్టాల్సి వచ్చింది.

రూములు మాత్రం ఆ నెలంతా ఫుల్లే. ఊళ్లో రద్దీ చూసిన ఎవరైనా "అబ్బ, ఊరు దశ తిరిగింది" అనుకునేవాళ్లు.

దీన్నే లీకేజీ అంటారు. లెక్క కోసం ఒక ఊహ: ఊళ్లోకి వచ్చిన ప్రతి వందలో అరవై బయటికి పోతే నలభై మిగులుతుంది, ఆ నలభై మళ్లీ ఖర్చయితే పదహారు మిగులుతుంది, ఆ తర్వాత ఆరు చిల్లర. మొత్తం కలిపితే వంద కాస్తా 167 దగ్గర ఆగిపోతుంది. అదే నలభై మాత్రమే బయటికి పోతే 250 దాకా వెళ్తుంది. ఒక్క టూరిస్టు కూడా అదనంగా రాలేదు. ఊళ్లో డబ్బు తిరిగిన సార్లు పెరిగాయి, అంతే.

సగం_నిద్ర
అంటే ఊరు బాగుపడాలంటే ముందు సబ్బుల ఫ్యాక్టరీ పెట్టాలన్నమాట. అర్థమైంది, పడుకుంటాను.

పద్దుల_పుస్తకం
నవ్వండి కానీ సగం నిజమే. సబ్బు ఊళ్లో చేయక్కర్లేదు. ఇస్త్రీ, రిపేర్లు, రవాణా, కూరగాయలు, వీటిలో ఏది ఊళ్లో దొరుకుతుందో ముందు చూసి, అది కొనేలా ఒప్పందం రాసుకోవాలి. హోటల్‌కి స్థలం ఇచ్చేటప్పుడు ఊరి చేతిలో పట్టు ఉంటుంది. కట్టడం అయిపోయాక వెళ్లి అడిగితే రిసెప్షన్‌లో కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు.

పాత_పటం
దీనికి ఇటలీలో వేరే దారి తొక్కారు. 'అల్బెర్గో డిఫూజో' అంటారు, ఊరంతా పరుచుకున్న హోటల్ అనుకోండి. 1976లో ఫ్రియులీ ప్రాంతంలో భూకంపం వచ్చింది. ఆ తర్వాత ఇళ్లు బాగుచేశారు గానీ వాటిలో ఉండేవాళ్లు లేరు. ఆ ఖాళీ ఇళ్లని ఏం చెయ్యాలన్న ఆలోచనలోంచి ఇది పుట్టింది, దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దినవాడు జాంకార్లో దల్లారా. కొత్త భవనం ఉండదు. రిసెప్షన్ ఒక ఇంట్లో, గదులు నాలుగైదు వీధుల్లోని పాత ఇళ్లలో, భోజనం ఇంకోచోట. ఇటలీలోనే ఉన్న సార్డీనియా ద్వీపం 1998లోనే దీనికి చట్టంలో చోటిచ్చింది.

ఇందులో తెలివి ఎక్కడుందంటే, బస చేసినవాడు పడక నుంచి భోజనానికి వెళ్లాలంటే వీధిలో నడవాలి. నడిస్తే కొట్లు కనిపిస్తాయి, మనుషులు పలకరిస్తారు, ఏదో ఒకటి కొంటాడు. రిసార్టులో ఆ పని కారిడార్‌లోనే అయిపోతుంది.

ఎర్రబస్సు
ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఇల్లెవరిది? ఊళ్లోవాడిదేనా, లేక ఊళ్లోవాడు చవగ్గా అమ్మేసుకుంటే కొనుక్కున్నవాడిదా?

తాళంకప్ప
ఎర్రబస్సు గారు సరైన చోట పట్టుకున్నారు. నేను టీచర్ని. ఇంతకుముందు పనిచేసింది ఓ టూరిస్టు ఊళ్లోనే. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కానీ ఏడాదికి కాదు, సీజన్ మొదలయ్యేదాకా మాత్రమే. సీజన్ రాగానే ఖాళీ చెయ్యాలి. ఆ నెలల్లో రాత్రికింత అని వసూలు చేస్తే మేమిచ్చే అద్దె వాళ్లకి వారంలో వచ్చేస్తుంది. మా ఇంట్లో కొన్ని అట్టపెట్టెలు విప్పకుండానే మూడేళ్లుంచాం. ఎలాగూ మళ్లీ కట్టాలిగా అని.

మా వీధిలో తలుపుల పక్కన నంబరు నొక్కితే తెరుచుకునే చిన్న తాళంపెట్టెలు వేలాడేవి. ఓనరు రానక్కర్లేదు, అద్దెకి వచ్చినవాడు నంబరు నొక్కి తాళంచెవి తీసుకుంటాడు. నేను వెళ్లినప్పుడు రెండున్నాయి, వచ్చేసేనాటికి పదకొండు. (నా పేరు అక్కడ పుట్టిందే.) సీజన్ కాని రోజుల్లో సాయంత్రం వీధి చివర నుంచి చూస్తే ఏ ఇంట్లో దీపముందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బడిలో రెండో సెక్షన్ ఎత్తేశారు. ఊళ్లో డబ్బుంది, పిల్లల్లేరు.

హోటల్లో పనిచేసేవాళ్లు మరీ దూరం నుంచి వచ్చేవాళ్లు. రాత్రి షిఫ్టు అయిపోయాక బస్సుండదు, స్టోరు గదిలో పడుకునేవాళ్లు. టూరిజం ఇచ్చిన ఉద్యోగం ఊళ్లోనే ఉంది, ఆ ఉద్యోగికి మాత్రం ఊళ్లో ఇల్లు లేదు. వాళ్ల జీతం కూడా పద్దుల_పుస్తకం గారి రెండో కట్టలో వెయ్యాలి మరి.

పద్దుల_పుస్తకం
అవునండీ. జీతాలన్నీ ఊళ్లో ఖర్చయినట్టే రాసుకునేవాణ్ని. తప్పే.

పాత_పటం
తాళంకప్ప గారు చెప్పిన సమస్యతో తలపడ్డ ఊళ్లు రెండు గుర్తొస్తున్నాయి. ఇంగ్లండ్‌లో సెయింట్ ఐవ్స్, సముద్రం పక్క ఊరు. 2016లో ఓటు పెట్టారు: ఇకమీదట కట్టే కొత్త ఇళ్లు అక్కడే కాపురముండేవాళ్లకే చెందాలి, సెలవుల కోసం రెండో ఇల్లుగా కొనకూడదు. ఓటేసినవాళ్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా సరేనన్నారు. కానీ నియమం కొత్త ఇళ్లకే. పాత ఇళ్ల తలుపు తెరిచే ఉంది, రెండో ఇల్లు కావాల్సినవాడు అటు తిరుగుతాడు.

కెనడాలో స్కీయింగ్ ఊరు విస్లర్ ఇంకోలా వెళ్లింది. నిషేధం కంటే సొంతంగా ఇళ్లు సిద్ధం చేసుకోవడం మీద దృష్టి పెట్టింది. 1997లో దానికోసం ప్రత్యేక సంస్థ పెట్టి, ఊళ్లో పనిచేసేవాళ్లకే అమ్మాలి, వాళ్లకే అద్దెకివ్వాలి అన్న షరతుతో ఇళ్లు కట్టించారు. పనిచేసేవాళ్లలో కనీసం నాలుగింట మూడు వంతులమంది ఊళ్లోనే ఉండాలన్నది లక్ష్యం. అక్కడా ఇళ్ల కొరత తీరిపోలేదు. కానీ ఏది లెక్కపెట్టాలో ముందే నిర్ణయించుకున్నారు, అది నాకు నచ్చింది.

నడిచే_చెప్పులు
నేను అడిగింది "పనిచేస్తుందా" అని, చర్చ ఇంకా లోతుకి పోయింది. అయితే ఎంతమంది వచ్చారన్న లెక్కకి అసలు విలువే లేదంటారా? ప్రతి ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో అదే ఉంటుంది.

ఎర్రబస్సు
విలువుంది, ఎక్కువైనప్పుడు! ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ చూడండి. సరస్సుకీ కొండకీ మధ్య ఇరుక్కున్న ఊరు, జనాభా ఎనిమిది వందల్లోపు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. 2012లో చైనావాళ్లు గ్వాంగ్‌డాంగ్‌లో దాని నకలు ఊరే కట్టుకున్నారు, ఆ వార్తతో అసలు ఊరికి ఇంకా జనం ఎగబడ్డారు. రద్దీ రోజుల్లో పది వేలమంది దాకా వస్తారు. 2023లో సెల్ఫీలు దిగే చోట దృశ్యం కనపడకుండా చెక్క కంచె కట్టారు. ప్రపంచమంతా నవ్వేసరికి తీసేశారు.

బస్సు దిగి, ఫొటో తీసుకుని, టాయిలెట్ వాడుకుని, బస్సెక్కేవాడు ఊరికి ఇచ్చేదేంటి? చెత్త. వాడి టికెట్టు డబ్బు ఎక్కడో బస్సు కంపెనీకి పోయింది, రాత్రి బస డబ్బు ఇంకో నగరానికి పోయింది. ఇక్కడ మిగిలింది మురుగునీళ్ల బిల్లు. బస్సులకి ముందే స్లాటు బుక్ చేసుకునే పద్ధతి 2020లో గానీ పెట్టలేదు, ఆ పని మొదట్లోనే చెయ్యాల్సింది. టూరిస్టుల మీద ఊరి జనానికి విసుగు మెట్లుమెట్లుగా వస్తుందని డాక్సీ అనే టూరిజం పరిశోధకుడు 1975లోనే చెప్పాడు: మొదట సంబరం, తర్వాత పట్టనితనం, ఆపైన చిరాకు, చివరికి పగ. నాలుగో మెట్టెక్కాక ఎవరు బోర్డులు పెట్టినా ఫలితం ఉండదు.

చుక్కాని
చాలా రోజులుగా చదువుతూనే ఉన్నాను, మురుగునీళ్ల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నీటి సరఫరా, డ్రైనేజీ నా పని. చిన్న ఊరి పైపు సైజు ఊళ్లో నివాసముండే జనాన్ని బట్టి వేస్తారు. నిధులు కూడా ఆ లెక్కనే వస్తాయి. సీజన్లో దానిమీద నాలుగింతల జనం పడతారు. భూమిలో ఉన్న పైపు ఎవరికీ కనపడదు కాబట్టి దాన్ని పెద్దది చెయ్యాలని ఎవరూ అడగరు. అదే డబ్బుతో లైటింగ్ పెడితే ఫొటోలో పడుతుంది.

ఫిలిప్పీన్స్‌లో బొరాకై ద్వీపం ఇలాగే చేతులు కాల్చుకుంది. చాలా కట్టడాల మురుగు నేరుగా సముద్రంలోకి పోయేది. 2018 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆరు నెలలు ద్వీపం మొత్తం టూరిస్టులకి మూసేశారు. మురుగు వదిలినవాళ్లకే కాదు, సరిగ్గా కనెక్షన్ పెట్టుకున్నవాడికీ ఆ ఆరు నెలలు ఆదాయం లేదు. పడవ నడిపేవాడు ఏ పాపం చేశాడని?

అలాగని రుసుము వసూలు చెయ్యడమే తప్పని కాదు. నేపాల్‌లో అన్నపూర్ణ ప్రాంతం చూడండి. 1986లో ఘాంద్రుక్ ఊరి నుంచి మొదలైన సంరక్షణ ప్రాజెక్టు అది. ట్రెక్కింగ్‌కి వచ్చేవాళ్లు కట్టే ప్రవేశ రుసుము ఆ ప్రాంతంలోనే దారులకి, తాగునీటికి, అడవి కాపాడటానికి ఖర్చవుతుంది. వెనిస్ 2024లో ఒకరోజు వచ్చిపోయేవాళ్లకి 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టింది, జనం తగ్గలేదని గొడవ. జనం తగ్గారా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న. ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతోంది, దాన్ని ఏ పైపు కోసం తీస్తున్నారు అన్నది మొదటిది.

సగం_నిద్ర
ఇప్పుడు సీరియస్‌గా. నేను సీజన్లో గైడుని, మిగతా రోజుల్లో దొరికిన పని. 2020 మార్చిలో ఒక గ్రూపు క్యాన్సిల్ అయింది, తర్వాత అన్నీ. ఆ ఏడాది ప్రపంచం మొత్తమ్మీద విదేశీ ప్రయాణికులు దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గారని తర్వాత చదివాను. నాకు అది అంకెలా తెలియలేదు. రోజుకి నలభైసార్లు మోగే ఫోను, ఛార్జింగ్ వారానికోసారి పెడితే చాలేది.

మా ఊళ్లో వాయిదాల మీద కారు కొన్న డ్రైవర్లు వరసగా బండ్లు వెనక్కిచ్చేశారు. పక్క ఊరివాళ్లు మాకంటే తక్కువ సంపాదించేవాళ్లు, వాళ్లకి పొలాలున్నాయి, ఓ నట్లు-బోల్టుల షెడ్డు ఉంది. ఆ ఏడాది అప్పు అడగడానికి మేమే వాళ్ల గుమ్మం తొక్కాం. అందుకే టూరిజం 'ఇంజిన్' అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. స్టెప్నీ అనండి, ఒప్పుకుంటాను.

పాత_పటం
స్టెప్నీ మాట బాగుంది అన్నా. జపాన్‌లో నావోషిమా ద్వీపం అచ్చం అలాంటిదే. మూడు వేలమంది జనాభా. 1992లో అక్కడ బెనెస్సే హౌస్ అని మ్యూజియం, హోటల్ కలిపి కట్టారు, తర్వాత చిచు మ్యూజియం (2004), రెండూ టడావో ఆండో అనే ఆర్కిటెక్ట్ కట్టడాలే. 2010 నుంచి మూడేళ్లకోసారి ఆ చుట్టుపక్కల ద్వీపాల్లో కళా ఉత్సవం. సముద్రం ఒడ్డున యాయోయి కుసామా అనే కళాకారిణి పెట్టిన పసుపు గుమ్మడికాయ శిల్పం కోసమే జనం పడవెక్కుతారు. 2021 ఆగస్టు తుపానులో అది కొట్టుకుపోయింది, మరుసటేడు కొత్తది చేసి పెట్టారు. చాలామందికి తెలియంది, ద్వీపం ఉత్తరం కొసన 1917 నుంచీ ఉన్న రాగి శుద్ధి కర్మాగారం ఇప్పటికీ నడుస్తోంది. గుమ్మడికాయ కొట్టుకుపోయిన రోజున కూడా అక్కడ షిఫ్టు నడిచే ఉంటుంది.

ఎర్రబస్సు
ఇవన్నీ పుస్తకాలు, కళ, మంచు, సరస్సు. ఏమీ లేని ఊరి సంగతి?

పాత_పటం
అమెరికాలో లెవెన్‌వర్త్, వాషింగ్టన్ రాష్ట్రం. రైల్వే దారి మార్చుకుంది, కలప మిల్లు పోయింది, ఊరు ఎండింది. 1960ల్లో వీధులన్నీ జర్మనీలోని బవేరియా పల్లెలా తయారుచేసుకున్నారు. చుట్టూ కొండలున్నాయి, అదొక్కటే పోలిక.

ఎర్రబస్సు
పగటివేషం కట్టిందన్నమాట ఊరు.

పాత_పటం
వేషమే, కాదనను. కానీ మొదట్లో ముఖద్వారాలు మార్చుకున్నది ఆ కొట్ల యజమానులే, సొంత ఖర్చుతో. వేషం ఎవరు కట్టారన్నది నాకు ముఖ్యం. బయటి కంపెనీ వచ్చి ఊరికి తొడిగిన వేషం వేరు, ఊరు తనే కట్టుకున్న వేషం వేరు.

తాళంకప్ప
కట్టుకున్నవాళ్లు ఆ కొట్ల ఓనర్లు. అదే వీధిలో అద్దెకున్నవాళ్లని ఎవరైనా అడిగారా? ఏ ఊళ్లోనైనా 'ఊరు ఒప్పుకుంది' అనే మాటలో ఎక్కువగా ఆస్తి ఉన్నవాళ్లే ఉంటారు. ఇల్లున్నవాడికి ధర పెరగడం పండగ, లేనివాడికి అదే నోటీసు. ఒకే వార్త.

నడిచే_చెప్పులు
ఇంకా దాచడం న్యాయం కాదు, చెప్పేస్తాను. ఓ చిన్న ఊరి టూరిజం ప్లాను రాసే టీములో జూనియర్ని. ఊరి పేరు చెప్పలేను. డ్రాఫ్టు నా ల్యాప్‌టాప్‌లో ఉంది. మొదటి పేజీలో ఐదేళ్లలో ఇంతమంది టూరిస్టులు అన్న గ్రాఫ్, పైకి లేచే బాణం. తర్వాత పార్కింగ్, వ్యూ పాయింట్, తోరణం (ఎర్రబస్సు గారూ, క్షమించండి). ఎన్ని రాత్రులు ఉంటారు అన్న కాలమ్ లేదు. పైపుల మీద ఒక్క పేరా ఉంది, అద్దె ఇళ్ల మీద అదీ లేదు. పార్కింగ్ ఎంత పెద్దదైతే బస్సు దిగి వెళ్లిపోయేవాళ్లే అంత పెరుగుతారని ఈ చర్చ చదివాకే తట్టింది నాకు.

పద్దుల_పుస్తకం గారూ, ఒక్క సాయం. మీరు చూసిన ఆ రెండు కట్టల లెక్క బయటివాడు ఎలా తీయగలడు? హోటళ్లు వోచర్లు చూపించవు కదా.

పద్దుల_పుస్తకం
చూపించరు, అడిగి పరువు పోగొట్టుకోకండి. ఊళ్లోకి లారీలొచ్చే రోడ్డు ఒకటో రెండో ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లి టీ కొట్టు దగ్గర నిలబడండి. మా రిసార్టుకి సరుకు ఆ వేళకే దిగేది. ఏ లారీలో ఏముంది, ఏ గేటు దగ్గర ఆగింది, వారం రోజులు నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత ఊళ్లో ఇస్త్రీ చేసేవాళ్లని, ప్లంబర్లని, కూరగాయలవాళ్లని కలిసి ఏ హోటల్ పని మీకొస్తోంది, డబ్బు ఎన్ని రోజులకిస్తున్నారు అని అడగండి. ఆ రెండో ప్రశ్న తప్పకుండా అడగండి. మేం తొంభై రోజులు తిప్పించేవాళ్లం. సిటీ సప్లయర్‌కి మాత్రం ముందే కట్టేవాళ్లం.

తాళంకప్ప
నాలుగింటికి ఎలాగూ లేస్తారు కాబట్టి, పనివాళ్ల మొదటి బస్సు ఎన్నింటికొస్తుందో, అందులో ఎంతమంది దిగుతారో కూడా రాసుకోండి. ఆఖరి బస్సు టైము కూడా.

సగం_నిద్ర
సబ్బు లారీ కనిపిస్తే ఫొటో పెట్టండి.